పల్లె కౌంటీలో నర్సింగ్ హోమ్: దగ్గరదా, మంచిదా?

అమెరికాలో పెద్ద నగరాల పక్కన ఉన్నవాళ్ళు నర్సింగ్ హోమ్ (మన దగ్గరలా చిన్న ఆస్పత్రి కాదు, పెద్దవాళ్ళు ఉంటూ నర్సుల సంరక్షణ పొందే చోటు) వెతకాలంటే కంప్యూటర్ ముందు కూర్చుని పాతిక పేర్లలోంచి నాలుగు ఏరుకుంటారు. కాన్సాస్‌లోనో, నెబ్రాస్కాలోనో, అయోవాలోనో మొక్కజొన్న చేల మధ్య ఉన్న కౌంటీలో (మన జిల్లాలాంటిది) ఆ వీలు ఉండదు. కౌంటీ మొత్తానికి ఒకటో రెండో హోములు. మూడోది కావాలంటే గంట కారు ప్రయాణం, మంచు పడితే అదీ లేదు.

అలాంటి ఊళ్ళలో మనవాళ్ళెవరుంటారని అనుకోకండి. జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసిన డాక్టర్లు రెండేళ్ళు స్వదేశానికి వెళ్ళి ఉండే షరతు తప్పాలంటే, డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయాలి. కాన్రాడ్ 30 అనే ఆ పథకం కింద ఒక్కో రాష్ట్రం ఏడాదికి ముప్ఫై మందిని తీసుకోవచ్చు. మూడేళ్ళకని వచ్చి, ఇల్లు కొనుక్కుని, పిల్లలు స్కూల్లో కుదురుకున్నాక అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్ళ అమ్మానాన్నలు గ్రీన్‌కార్డు మీద వచ్చినవాళ్ళు, ఇప్పుడు డెబ్భైలు, ఎనభైల్లో ఉన్నారు. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొన్నాళ్ళ థెరపీ కోసమైతే దూరమైనా మంచి హోమ్‌కే వెళ్ళండి. ఇక అక్కడే ఉండిపోవాల్సిన పరిస్థితి అయితే, ప్రభుత్వ రేటింగులో స్టార్లు ఒకటి తక్కువైనా, మీరు రోజూ వెళ్ళగలిగే హోమే మేలు. రోజూ ఎవరో ఒకరు వచ్చి కూర్చునే మనిషిని ఏ హోమ్‌లోనైనా కాస్త జాగ్రత్తగా చూస్తారు. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి కింద చెబుతాను.

ఎన్నాళ్ళకి, ఎవరి డబ్బుతో

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక మళ్ళీ నడిపించడానికి వెళ్ళే మకాం ఒక రకం. డిమెన్షియా ముదిరి రాత్రింబవళ్ళు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిన మకాం ఇంకో రకం. రెండూ ఒకే భవనంలో, ఒకే వరండాలో ఉండొచ్చు. కానీ డబ్బు కట్టేది వేరు, చూసుకోవాల్సిన విషయాలు వేరు.

మొదటి రకానికి మెడికేర్, అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ఉండే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా, డబ్బు ఇస్తుంది. సాధారణ మెడికేర్ అయితే ముందు మూడు రోజులు ఆస్పత్రిలో ఇన్‌పేషెంట్‌గా ఉండాలి. 'అబ్జర్వేషన్' కింద నాలుగు రోజులు పడుకోబెట్టినా లెక్కలోకి రాదు. మంచం అదే, నర్సు అదే, కాగితం మీద మాట మాత్రం వేరు. అందుకని ఆస్పత్రిలో చేరిన రోజే అడగండి: ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా? ఆ తర్వాత హోమ్‌లో మొదటి 20 రోజులు పూర్తిగా మెడికేర్‌ది. 21వ రోజు నుంచి 100వ రోజు దాకా మన వాటా ఉంటుంది. 2025లో అది రోజుకు 209 డాలర్ల 50 సెంట్లు. నూరు రోజులు దాటాక ఏమీ ఉండదు. నూరు రోజులూ ఇస్తారన్న హామీ కూడా లేదు, నర్సింగ్ గానీ థెరపీ గానీ అవసరమున్నంత వరకే. 'ఇంక మెరుగవడం లేదు కాబట్టి ఆపేస్తున్నాం' అంటే మాత్రం ఊరుకోకండి. ఉన్న స్థితి దిగజారకుండా ఉండటానికి నిపుణుల చెయ్యి అవసరమైతే చాలునని మెడికేర్ మీద వేసిన దావాలో 2013లో కుదిరిన జిమ్మో ఒప్పందం స్పష్టం చేసింది. ఆపే ముందు కనీసం రెండు రోజుల నోటీసు ఇవ్వాలి, దాని మీదే అప్పీలుకు ఫోన్ నంబరు ఉంటుంది.

మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ (ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా తీసుకునే మెడికేర్) ఉన్నవాళ్ళకి ఆ మూడు రోజుల నిబంధన చాలాసార్లు ఉండదు. దానికి బదులు ముందస్తు అనుమతి, నెట్‌వర్క్ (కంపెనీతో ఒప్పందమున్న హోముల జాబితా) అనే రెండు తలనొప్పులు ఉంటాయి. పల్లె కౌంటీలో ఉన్న ఒక్క హోమూ ఆ నెట్‌వర్క్‌లో లేకపోతే ఎంపిక అక్కడితోనే ముగిసింది.

రెండో రకానికి, అంటే అక్కడే ఉండిపోవడానికి, మెడికేర్ పైసా ఇవ్వదు. సొంత డబ్బు, లేదా లాంగ్‌టర్మ్ కేర్ ఇన్సూరెన్స్, లేదా ఆదాయం, ఆస్తులు తక్కువున్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్. కేర్‌స్కౌట్ 2024 సర్వే ప్రకారం ఇద్దరుండే గది దేశవ్యాప్త మధ్యస్థ ఖర్చు ఏడాదికి 1,11,325 డాలర్లు. పల్లెల్లో సాధారణంగా కొంత తక్కువ ఉంటుంది, అయినా మామూలు మొత్తం కాదు.

మన కుటుంబాల్లో ఇక్కడే ఒక పెద్ద అపోహ ఉంది. 'మా అబ్బాయి ఇరవై ఏళ్ళుగా పన్నులు కడుతున్నాడు కదా' అంటారు. కొడుకు కట్టిన పన్నులు తల్లిదండ్రుల ఖాతాలోకి రావు. తనకో, జీవిత భాగస్వామికో అమెరికాలో పదేళ్ళ ఉద్యోగం ఉంటేనే పార్ట్ ఎ, అంటే మెడికేర్‌లో ఆస్పత్రి, నర్సింగ్ హోమ్ ఖర్చులు చూసే భాగం, ఉచితం. లేకపోతే 65 నిండి, గ్రీన్‌కార్డుతో ఐదేళ్ళు వరసగా ఇక్కడ ఉన్నాక కొనుక్కోవాలి. 2025లో దాని పూర్తి ప్రీమియం నెలకు 518 డాలర్లు, దానితోపాటు డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బి కూడా తీసుకోవాలి. మెడికెయిడ్‌కి కూడా గ్రీన్‌కార్డు వచ్చాక మామూలుగా ఐదేళ్ళు ఆగాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఈ రెండూ లేవు. మెడికెయిడ్‌కి దరఖాస్తు చేసేటప్పుడు అంతకుముందు ఐదేళ్ళలో ఎవరికైనా ఇచ్చిన ఆస్తులు, డబ్బు లెక్క అడుగుతారు. ఊళ్ళో ఇల్లు చెల్లెలి పేర రాసిచ్చినా చెప్పాల్సిందే. ఇది నలుగురినీ అడిగి తేల్చుకునే విషయం కాదు, వృద్ధుల వ్యవహారాలు చూసే ఎల్డర్ లా లాయరుకు ఒకసారి ఫీజు ఇవ్వడం దండగ కాదు.

మన ముందున్న దారులు

కౌంటీలో ఉన్న హోమ్: తరచుగా కౌంటీదో, చర్చిదో, లేదా దూరంగా ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీదో అవుతుంది. ఎవరిదన్నది పట్టించుకోవాలి. లాభాపేక్ష లేని హోముల్లో సిబ్బంది సగటున ఎక్కువ. యజమానులెవరో మెడికేర్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఈ మధ్యే చేతులు మారి ఉంటే ఎందుకని అడగండి. పల్లెల్లో మూతపడుతున్న హోములు తక్కువేం కాదు, అమ్మని చేర్చిన ఏడాదికే తలుపులు మూసేస్తే మళ్ళీ మొదటికొస్తాం.

ఊళ్ళోని చిన్న ఆస్పత్రిలో స్వింగ్ బెడ్: మనవాళ్ళలో చాలామందికి దీని సంగతే తెలియదు. పాతిక పడకల లోపు ఉండే 'క్రిటికల్ యాక్సెస్' ఆస్పత్రులకు, ఆపరేషన్ తర్వాత అదే మంచాన్ని నర్సింగ్ హోమ్ మంచంలా వాడుకునే అనుమతి ఉంటుంది. నగరంలో తుంటి ఆపరేషన్ చేయించుకుని, వారానికల్లా సొంత ఊరి ఆస్పత్రికి వచ్చి థెరపీ చేయించుకోవచ్చు. ఆస్పత్రి కాబట్టి నర్సులు ఎక్కువ, డాక్టరు దగ్గర్లోనే ఉంటాడు. మెడికేర్ వందరోజుల లెక్కలోంచే ఈ రోజులూ పోతాయి. కాని ఇది కొన్ని వారాల సంగతే, ఉండిపోవడానికి కాదు. స్టార్ రేటింగ్ కూడా ఉండదు. పెద్దాస్పత్రిలో డిశ్చార్జ్ చూసేవాళ్ళు ఇచ్చే జాబితాలో దీని పేరు కనిపించకపోవచ్చు, కాబట్టి మీరే అడగాలి. తక్కువ రోజుల థెరపీకి పల్లె కౌంటీలో నేను మొదట చూసేది ఇదే.

గంట దూరంలోని నగరపు హోమ్: పక్షవాతం తర్వాత స్పీచ్ థెరపీ, మానని పుండ్లు, వెంటిలేటర్, తాళాలుండే డిమెన్షియా యూనిట్ లాంటివి కావాలంటే వేరే దారి ఉండకపోవచ్చు. వారానికి మూడుసార్లు డయాలిసిస్ కావాల్సిన మనిషిని కూడా ఆ సెంటర్‌కి దగ్గర్లో పెట్టడమే న్యాయం. చలికాలంలో రోజు విడిచి రోజు వ్యానెక్కించి నలభై మైళ్ళు తిప్పితే ఆ ప్రాణం ఎంతని తట్టుకుంటుంది?

అసిస్టెడ్ లివింగ్: పెద్దవాళ్ళు సొంత గదిలో ఉంటూ రోజువారీ పనులకు సాయం పొందే చోటు. అందంగా ఉంటుంది, గది మనిల్లులా ఉంటుంది, ఖర్చు తక్కువ. కాని ఫెడరల్ నిబంధనలు దీనికి వర్తించవు, అంతా రాష్ట్రాల ఇష్టం. మంచం మీంచి లేవడానికి ఇద్దరు మనుషుల సాయం కావాల్సిన స్థితి వస్తే చాలాచోట్ల ఖాళీ చేయమంటారు.

ఇంట్లోనే ఉంచుకోవడం: మనసుకి ఇదే నచ్చుతుంది. మెడికేర్ ఇచ్చే హోమ్ హెల్త్ అంటే వారానికి కొన్నిసార్లు వచ్చి వెళ్ళే నర్సు, అంతే. రోజంతా ఉండే మనిషి పల్లె కౌంటీలో డబ్బిచ్చినా దొరకడం కష్టం. చివరికి భారమంతా ఇంటి కోడలి మీదో కూతురి మీదో పడుతుంది. దానికన్నా హోమ్‌లో ఉంచి రోజూ రెండు గంటలు ప్రశాంతంగా పక్కన కూర్చోవడం నయమని నేననుకుంటాను. మా ఇంట్లో ఈ మాటకు ఇప్పటికీ ఒప్పుకోనివాళ్ళున్నారు.

ఇండియాకి తీసుకెళ్ళడం కూడా చాలామంది ఆలోచిస్తారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నర్సుల్ని ఇంట్లో పెట్టుకునే ఖర్చు ఇక్కడితో పోలిస్తే ఎంతో తక్కువ, భాష సమస్యా లేదు. కాని ఏడాది పైన బయట ఉంటే గ్రీన్‌కార్డుకే ఎసరు. అక్కడ రోజూ చూసుకునే సొంతమనిషి ఒక్కరైనా ఉంటేనే ఇది దారి.

స్టార్లను ఎలా చదవాలి

మెడికేర్ వారి 'కేర్ కంపేర్' పేజీలో పిన్‌కోడ్ కొడితే ఒక్కో హోమ్‌కి ఒకటి నుంచి ఐదు స్టార్లు కనిపిస్తాయి. పైన కనిపించే మొత్తం స్టార్లను చూసి పేజీ మూసేయకండి. కింద మూడు ముక్కలున్నాయి: తనిఖీలు, సిబ్బంది, నాణ్యతా కొలతలు.

నాణ్యతా కొలతల్లో చాలా భాగం హోములే రాసి పంపేవి, అందుకే వాటికి నేను తక్కువ విలువ ఇస్తాను. పైగా ముప్ఫై నలభై మంది ఉండే హోమ్‌లో ఇద్దరు పడిపోతే శాతం ఒక్కసారిగా తారుమారవుతుంది. తనిఖీ స్టార్లు బయటివాళ్ళు వచ్చి చూసి ఇచ్చినవి. వాటిని అదే రాష్ట్రంలోని హోములతో పోల్చి ఇస్తారు, కాబట్టి రాష్ట్ర సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న రెండు హోముల స్టార్లను పక్కపక్కన పెట్టి చూడటం కుదరదు. సరిహద్దు కౌంటీల్లో ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సిబ్బంది లెక్క జీతాల రికార్డుల నుంచి వస్తుంది, అందుకే దాన్ని బాగా నమ్మొచ్చు. ఒక్కో మనిషికి రోజుకు ఎన్ని గంటల నర్సింగ్ అన్నది చూడండి. కనీసం 3.48 గంటలు ఉండాలని 2024లో కేంద్రం ఒక నిబంధన తెచ్చింది. 2025లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది, ఆ ఏడాదే వచ్చిన చట్టం దాన్ని 2034 దాకా ఆపేసింది. నిబంధనగా పోయినా, మనం కొలుచుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. దాని పక్కనే శనాదివారాల లెక్క, ఏడాదిలో ఎంతమంది మానేశారన్న లెక్క కూడా ఉంటాయి. వారం మొత్తానికి బాగుండి శనాదివారాల్లో పడిపోయే హోమ్ అయితే, ఆ రెండు రోజులూ మీరే వెళ్ళి కూర్చోవాల్సి ఉంటుందని లెక్కేసుకోండి.

పేరు పక్కన ఎర్ర గుండ్రంలో చెయ్యి గుర్తు ఉంటే, అక్కడ దౌర్జన్యం మీద తనిఖీదారులు తప్పు పట్టారన్నమాట. అలాంటిచోట దగ్గరన్న మాటే వద్దు.

ఆ తర్వాత అసలు తనిఖీ నివేదిక చదవండి. దాన్ని 2567 అంటారు. ఒక్కో తప్పుకి ఎ నుంచి ఎల్ వరకు ఒక అక్షరం ఉంటుంది. డి, ఇ, ఎఫ్ అంటే హాని జరగొచ్చు, ఇంకా జరగలేదు. జి నుంచి నిజంగానే హాని జరిగింది. జె, కె, ఎల్ అంటే ప్రాణాపాయం. ఆ అక్షరం కాక, ఏ రకం తప్పో చెప్పడానికి ఎఫ్‌తో మొదలయ్యే నంబరు కూడా ఉంటుంది: ఎఫ్ 689 పడిపోవడాలూ పర్యవేక్షణ, ఎఫ్ 686 మంచాన పడి వచ్చే పుండ్లు, ఎఫ్ 725 చాలని సిబ్బంది. ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాసుకోలేదన్న తప్పులు పది ఉన్నా నాకు కంగారు లేదు. 686 జి స్థాయిలో రెండేళ్ళు వరసగా ఉంటే మాత్రం ఆ గడప తొక్కను.

వెళ్ళి చూసేటప్పుడు

చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళేది ఆదివారం సాయంత్రం భోజనాల వేళకైతే మంచిది.

లోపలికి వెళ్ళగానే గోడ మీద ఆరోజు సిబ్బంది కాగితం వెతకండి. ఎంతమంది ఆర్.ఎన్.లు (రిజిస్టర్డ్ నర్సులు), ఎంతమంది ఎల్.పి.ఎన్.లు (వాళ్ళకన్నా తక్కువ శిక్షణ ఉన్న నర్సులు), ఎంతమంది ఎయిడ్‌లు (నర్సులకు సాయపడే సిబ్బంది), హోమ్‌లో ఎంతమంది ఉన్నారు అన్నది రోజూ రాసి అతికించాలన్నది ఫెడరల్ నిబంధన. నేను చూసిన ఒక హోమ్‌లో ఆ కాగితం మీద నాలుగు రోజుల కిందటి తేదీ ఉంది, పక్కనే క్రిస్మస్ అలంకరణ మాత్రం ఎంతో శ్రద్ధగా చేశారు. ఆర్.ఎన్. రోజుకు కనీసం ఎనిమిది గంటలు ఉండాలని చట్టం. పల్లె హోములకు దీనికి కూడా మినహాయింపు దొరకొచ్చు, కాబట్టి 'మీకు మినహాయింపు ఉందా?' అని సూటిగా అడగండి. డాక్టరు సంగతీ తెలుసుకోండి. మొదటి తొంభై రోజులు నెలకోసారి, ఆ తర్వాత రెండు నెలలకోసారి వచ్చినా నిబంధన ప్రకారం సరిపోతుంది. రాత్రి జ్వరమొస్తే ఫోన్ ఎవరికి వెళ్తుంది, అంబులెన్స్ ఏ ఊరి నుంచి వస్తుంది?

గది తలుపు మీద వెలిగే కాల్ లైట్ ఎంతసేపటికి ఆరుతుందో వరండాలో నిలబడి చూడండి. మధ్యాహ్నం రెండింటికి కూడా జనం ఇంకా రాత్రి దుస్తుల్లోనే ఉన్నారా? ఎయిడ్‌లు వాళ్ళని పేరు పెట్టి పిలుస్తున్నారా? ఫినాయిల్ ఘాటు మరీ ఎక్కువగా ఉంటే, అది దేన్ని కప్పిపుచ్చుతోందో ఆలోచించండి.

పల్లె కౌంటీలో మనకున్న ఒక లాభం, అందరికీ అందరూ తెలుసు. అంబులెన్స్ నడిపేవాళ్ళని అడగండి. అన్ని హోముల్లోకీ అర్ధరాత్రి వెళ్ళేది వాళ్ళే, ఎక్కడ మనిషిని ఏ స్థితిలో అప్పగిస్తారో వాళ్ళకి తెలుసు. ఆస్పత్రి థెరపిస్టుని 'మీ అమ్మనైతే ఎక్కడ పెడతారు?' అని అడగండి. ఫిర్యాదులు చూసే ఆంబుడ్స్‌మన్ ప్రతి రాష్ట్రంలోనూ ఉంటారు, మీ కౌంటీకి ఎవరో ఎల్డర్‌కేర్ లొకేటర్ అనే ప్రభుత్వ సమాచార సేవకి, 1-800-677-1116కి ఫోన్ చేస్తే చెబుతారు. ఫలానా దాంట్లో చేర్చండని ఆ ఆంబుడ్స్‌మన్ చెప్పరు. ఎలాంటి ఫిర్యాదులు వస్తున్నాయంటే మాత్రం చెప్పే అవకాశం ఉంది.

తిండి, భాష

శాకాహారులకి ఇది చిన్న విషయం కాదు. 'నో మీట్' అని చార్టులో రాయించాం కదా అని మా అత్తగారి విషయంలో నిశ్చింతగా ఉన్నాం. మొదటి రోజే ట్రేలో వచ్చిన గ్రీన్ బీన్స్‌లో బేకన్ ముక్కలు తేలాయి. వంటావిడ తప్పేం లేదు, ఆ ఊళ్ళో బీన్స్ అంటే అలాగే వండుతారు. మాంసం ముక్క లేకపోయినా కూరగాయల సూప్‌లో చికెన్ నీళ్ళుంటాయి, జెల్లోలో జెలటిన్ ఉంటుంది. కాబట్టి డైటీషియన్‌తో కూర్చుని మాంసం, చేప, మాంసం మరిగించిన నీళ్ళు, పందికొవ్వు, జెలటిన్ అని ఒక్కోటి విడివిడిగా రాయించండి. బయటి భోజనం తేనిస్తారా, ఎక్కడ పెట్టాలి, వేడి చేసేదెవరు అని హోమ్‌ని అడగండి. రోజూ ఒక పూట పెరుగన్నం అందించగలిగే దూరంలో ఉండటం నా లెక్కలో ఒక స్టార్‌కి సమానం.

డిమెన్షియా వచ్చినవాళ్ళు నలభై ఏళ్ళు మాట్లాడిన ఇంగ్లీషు కూడా మర్చిపోయి చిన్నప్పటి భాషలోకి వెళ్ళిపోతుంటారు. ఆయాసంగా ఉందన్నది అర్థం కాక, పెద్దాయన అరుస్తున్నాడని మత్తు మందు వేసే ప్రమాదముంది. యాంటీసైకోటిక్ మందుల వాడకం ఎంతన్నది కేర్ కంపేర్‌లో ఉంటుంది, చూడండి. ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పిలిచే ఏర్పాటు ఉందా అని అడగండి. బొమ్మలతో ఒక అట్ట చేసి మంచం పక్కన వేలాడదీయండి: నొప్పి, నీళ్ళు, బాత్రూం, చలి, ఆయాసం, కళ్ళు తిరుగుతున్నాయి. తెలుగు మాటని ఇంగ్లీషు లిపిలో కూడా రాస్తే ఎయిడ్‌లు రెండు వారాల్లో పట్టేస్తారు.

సంతకాలు పెట్టేముందు

ఆస్పత్రివాళ్ళు 'రేపు డిశ్చార్జ్, హోమ్ చెప్పండి' అని మధ్యాహ్నం మూడింటికి వచ్చి అడుగుతారు. అప్పుడు వచ్చే టెన్షన్‌లో మొదటి పేరే ఖాయమైపోతుంది. ముందే రెండు పేర్లు అనుకుని ఉంచుకోండి. ఎంపిక పేషెంటుదే అని చట్టం.

చేర్చుకునే కాగితాల్లో ఆర్బిట్రేషన్ ఒప్పందం (గొడవ వస్తే కోర్టుకి కాకుండా మధ్యవర్తి దగ్గరికే వెళ్తామన్న ఒప్పందం) సాధారణంగా ఉంటుంది. దాని మీద సంతకం పెట్టకపోతే చేర్చుకోం అనడానికి వీల్లేదు, పెట్టినా ముప్ఫై రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. 'రెస్పాన్సిబుల్ పార్టీ' అన్నచోట మీ సొంత డబ్బుకి పూచీ పడుతున్నట్టు లేకుండా చూసుకోండి, అలాంటి పూచీ అడగడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. అమ్మ తరఫున పవర్ ఆఫ్ అటార్నీగా, అంటే ఆవిడ అధికారం రాసిచ్చిన మనిషిగా, సంతకం చేస్తున్నానని రాయండి. ఆ పవర్ ఆఫ్ అటార్నీ ఆవిడకి మతి స్థిరంగా ఉన్నప్పుడే చేయించి ఉండాలి. సొంత డబ్బు అయిపోయాక మెడికెయిడ్ మీద అదే మంచంలో ఉండనిస్తారా అన్నది కూడా ఇప్పుడే అడగాల్సిన మాట.

ఉన్నది ఒక్కటే, అదీ ఒక్క స్టారే అయితే?

చాలా కౌంటీల్లో నిజంగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఆ స్టార్ ఎందుకు పడిపోయిందో నివేదికలో వెతకండి. ఎర్ర చెయ్యి గుర్తు, వరసగా జి పైన తప్పులు, శనాదివారాల్లో సిబ్బంది లేకపోవడం, వీటిలో ఏది ఉన్నా దూరమైనా నగరానికే. అవి లేకుండా, కాగితాల తప్పులూ పాత భవనం తప్పులే ఎక్కువైతే, మీరు గానీ మీ వాళ్ళు గానీ రోజూ వెళ్ళగలిగితే, నేను దగ్గరిదే తీసుకుంటాను.

మంచి హోమ్ దగ్గర్లోనే ఉండి ఖాళీ లేకపోతే, దొరికినచోట ముందు చేర్చి, ఇక్కడ వెయిటింగ్ లిస్టులో పేరు రాయించండి. ఒక హోమ్‌లో చేరినంత మాత్రాన కట్టుబడి ఉండక్కర్లేదు, మారొచ్చు. రాయించి వదిలేయకుండా ప్రతి సోమవారం పొద్దున అడ్మిషన్స్ చూసే ఆవిడకి ఫోన్ చేయండి. శనాదివారాల్లో ఖాళీ అయిన మంచాల లెక్క ఆ పూటే ఆవిడ చేతికొస్తుంది.